ఎల్4–ఎల్5 ఫ్యూజన్ ఎస్టిమేట్‌లో మూడు ధరలు: స్క్రూలు, రాడ్లు, కేజ్ ఏం చూసి ఎంచుకోవాలి?

బ్రాడీపేట_4/14 (గుంటూరు) అడిగిన ప్రశ్న:

నమస్కారమండి. పేషెంట్ మా అమ్మగారు, 61 ఏళ్లు. ఎల్4–ఎల్5 (నడుములో నాలుగు, ఐదో పూసలు) దగ్గర డీజెనరేటివ్ లిస్థెసిస్ గ్రేడ్ 1 (అరుగుదలతో పూస కాస్త ముందుకి జారడం), దానితోపాటు కెనాల్ స్టెనోసిస్ (నరాల దారి ఇరుకవడం). షుగర్ ఉంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 8.2. డెక్సాలో (ఎముక సాంద్రత పరీక్ష) నడుము టీ-స్కోరు మైనస్ 1.4 వచ్చింది, ఆస్టియోపోరోసిస్ (ఎముక గుల్లబారడం) కాదని రాశారు. టీ-లిఫ్ (డిస్క్ తీసి, కేజ్ పెట్టి, రెండు పూసల్ని అతికించే ఫ్యూజన్ ఆపరేషన్) చెయ్యాలన్నారు. విజయవాడలో ఇచ్చిన ఎస్టిమేట్‌లో ఇంప్లాంట్ల భాగం ఇది:

పాలీయాక్సియల్ పెడికిల్ స్క్రూ, టైటానియం, 6.5 × 45: నాలుగు
రాడ్ 5.5: రెండు
సెట్ స్క్రూ: నాలుగు
క్రాస్ లింక్: ఒకటి
టీ-లిఫ్ కేజ్: ఒకటి
బోన్ సబ్‌స్టిట్యూట్ 5 సీసీ: ఒకటి

ఇదే జాబితాకు మూడు ధరలు వేశారు. ఇండియన్ సెట్ పీక్ కేజ్‌తో, ఇండియన్ సెట్ త్రీడీ ప్రింటెడ్ టైటానియం కేజ్‌తో, మొత్తం ఇంపోర్టెడ్. మూడోది మొదటిదానికి దాదాపు మూడు రెట్లు.

ఆ తేడాలో మనం అసలు కొంటున్నదేమిటి? ఎముక స్క్రూని పట్టుకుంటుందో లేదో ముందే తెలుసుకునే దారి ఉందా? ఒక్క లెవెల్‌కి క్రాస్ లింక్ కావాలా? ఎముక అతికాక ఇవన్నీ తీయించాలా? తరువాత ఎంఆర్ఐ తీయించుకోవచ్చా? ఫలానా కంపెనీ కొనండి అన్న సలహా వద్దండి, ఏం చూసి నిర్ణయించుకోవాలో చెబితే చాలు.

సూర్యారావుపేట_స్క్రబ్:

జాబితా సరైనదేనండి. ఒక్క లెవెల్ టీ-లిఫ్‌కి పట్టే సామాను ఇంతే. ఎల్4కి రెండు స్క్రూలు, ఎల్5కి రెండు. కుడి పక్క ఒక రాడ్, ఎడమ పక్క ఒక రాడ్. ఒక్కో స్క్రూ తలలో రాడ్‌ని పట్టి బిగించడానికి సెట్ స్క్రూ ఒకటి. దీన్నే చాలాచోట్ల ఇన్నర్ అంటారు, బిల్లులో ఆ పేరుతో కనిపిస్తే అదనపు వస్తువేమో అనుకోవద్దు. డిస్క్ తీసేసిన ఖాళీలో కేజ్ కూర్చుంటుంది.

6.5 స్క్రూ మందం, 45 పొడవు, రెండూ మిల్లీమీటర్లే. ఎస్టిమేట్‌లో ఉన్నది ఉజ్జాయింపు కొలత. అసలు కొలత సీటీలో పెడికిల్ (స్క్రూ దిగే, పూస వెనక భాగాన్ని ముందు భాగంతో కలిపే ఎముక) వెడల్పు చూసి, మళ్లీ టేబుల్ మీద లోతు చూసి తేలుస్తారు. పెడికిల్ గోడలు పగలకుండా లోపలి చోటుని వీలైనంత నింపే మందం కావాలి. పొడవైతే, పక్క నుంచి తీసిన సీ-ఆర్మ్ (ఆపరేషన్ టేబుల్ దగ్గరి ఎక్స్‌రే) బొమ్మలో వెన్నుపూస ముందు భాగాన ఐదో వంతు ఎముక మిగిలేలా ఆగాలి. ముందు గోడ దాటితే అక్కడ పెద్ద రక్తనాళాలుంటాయి. కాబట్టి ఫైనల్ బిల్లులో 6.5 × 50 అనో 7.5 × 45 అనో ఉంటే మోసమేమీ కాదు. మారకూడనిది లెక్క. ఐదో స్క్రూ బిల్లులో కనిపిస్తే ఎందుకని అడగండి. వేసిన స్క్రూ పట్టు దొరక్కపోతే దాన్ని తీసి మందమైనది వేస్తారు, అది మామూలే. కానీ అలా తీసిన స్క్రూ మళ్లీ ట్రేలోకి పోకూడదు.

ఒకటి అడిగి తెలుసుకోండి. జారిన పూస ఎల్4 కాబట్టి దానికి రెండు రిడక్షన్ స్క్రూలు వాడే ఆలోచన ఉందా అని. వీటి తలకి రెండు పొడుగు చెవులు ఉంటాయి. సెట్ స్క్రూ తిప్పుతూ ఉంటే రాడ్ కిందికి దిగి, పూస వెనక్కి తన చోటికి వస్తుంది. పని అయ్యాక ఆ చెవులు విరిచేస్తారు. మామూలు పాలీయాక్సియల్ (తల అటూ ఇటూ తిరిగే స్క్రూ) కంటే ధర కాస్త ఎక్కువ, ఎస్టిమేట్‌లో లేకుండా బిల్లులో వస్తే గొడవ అవుతుంది.

ఇక వేసే పద్ధతి. ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ (పూస పక్క కొమ్ము), ఫాసెట్ (పూసల మధ్య చిన్న కీలు) కలిసే మూలలో ఆల్ అనే మొనదేలిన పనిముట్టుతో ఎముక పైపొరకి చిల్లు పెడతారు. ప్రోబ్‌ని నెమ్మదిగా తిప్పుతూ పెడికిల్ గుండా పూసలోకి దింపుతారు. ప్రోబ్ ఒక్కసారిగా జారినట్టు లోపలికి పోతే అక్కడే ఆగి చూసుకోవాలి, గోడ దాటిందేమో. తరువాత బాల్ టిప్ ఫీలర్‌తో నాలుగు గోడలూ అడుగూ తడిమి చూస్తారు. లోపలి గోడ, కింది గోడ ముఖ్యం, నరం వాటిని ఆనుకునే వెళ్తుంది. ఆపరేషన్ అయిన వెంటనే కొత్తగా కాలు లాగడమో, పాదం పైకి లేవకపోవడమో కనిపిస్తే మొదట అనుమానించేది ఇక్కడ దాటిన స్క్రూనే. ఆ రోజే సీటీ తీయించాలి. ట్యాప్ (ఎముకలో మర చెక్కే పనిముట్టు) స్క్రూ కంటే 1 మి.మీ. సన్నగా వాడతారు. ఎముక మెత్తగా ఉంటే ట్యాప్ ఇంకా సన్నది, లేదా అసలు వాడరు.

స్క్రూలయ్యాక ఒక పక్క ఫాసెట్ తీసి, ఆ దారిలో డిస్క్ ఖాళీ చేస్తారు. ఎండ్‌ప్లేట్ (డిస్క్‌ని ఆనుకున్న పూస పైతలం) మీది మృదులాస్థి గీకేయాలి, కింది ఎముక పలక మాత్రం చెక్కుచెదరకూడదు. షేవర్ (డిస్క్ గీకే పనిముట్టు) గట్టిగా తిప్పి ఆ పలక పగిలిందా, ఎంత ఖరీదైన కేజ్ అయినా మెత్తటి ఎముకలోకి దిగబడుతుంది. ట్రయల్స్ (కొలత చూసే నమూనా కేజ్‌లు) పెట్టి ఎత్తు చూస్తారు. ఎల్4–ఎల్5లో ఎక్కువగా 10, 12 మి.మీ. మధ్య వస్తుంది. ముందు భాగాన ఎముక ముక్కలు నింపి, కేజ్ లోపలా నింపి, దిగ్గొడతారు. ఆ తరువాత రాడ్లు వేసి, స్క్రూలని ఒకదానివైపు ఒకటి కాస్త దగ్గరకు నొక్కి బిగిస్తారు. ఆ నొక్కుతోనే కేజ్ పట్టు దొరికి, నడుము ఒంపు తిరిగి వస్తుంది. నొక్కకుండా వదిలేస్తే కేజ్ వెనక్కి జరిగే ప్రమాదం ఎక్కువ.

బిగింపు దగ్గర చిన్న పొరపాట్లు పెద్ద నష్టం చేస్తాయి. రాడ్ స్క్రూ తలలో పూర్తిగా అడుగుకి కూర్చోకముందే సెట్ స్క్రూ తిప్పితే మర అడ్డంగా ఎక్కుతుంది. బిగిసినట్టే ఉంటుంది గానీ కొన్ని వారాల్లో వదులవుతుంది. అందుకే మొదట సెట్ స్క్రూని వెనక్కి పావు వంతు తిప్పి, మర దొరికిందని చేతికి తెలిశాకే ముందుకి తిప్పుతారు. చివరి బిగింపు కౌంటర్ టార్క్ గొట్టం (స్క్రూ తల మెలి తిరగకుండా ఆపేది) పట్టుకుని టార్క్ రెంచ్‌తోనే చెయ్యాలి. సిస్టమ్‌ని బట్టి 8 నుంచి 12 న్యూటన్ మీటర్ల దగ్గర క్లిక్ అంటుంది. గొట్టం పట్టకుండా తిప్పితే ఆ మెలి అంతా పెడికిల్ మీద పడుతుంది. ఫైనల్ టైట్ చేసిన సెట్ స్క్రూని విప్పాల్సి వస్తే కొత్తది వెయ్యాలి. రాడ్ కొనలు రెండు వైపులా స్క్రూ తల దాటి మూడు నుంచి అయిదు మి.మీ. బయటికి ఉండాలి. టైటానియం రాడ్‌ని ఒకసారి వంచాక మళ్లీ తిరగ వంచకూడదు. బెండర్ చేసిన గాటు దగ్గరే ఆరు నెలలకో ఏడాదికో విరుగుతుంది.

ఇంకోటి, ఒక కంపెనీ స్క్రూకి మరో కంపెనీ సెట్ స్క్రూ, 5.5 తలలో 6 మి.మీ. రాడ్ లాంటి కలగాపులగం అస్సలు వద్దు. స్టీలు రాడ్‌కి టైటానియం స్క్రూ కలిపితే తుప్పు కూడా పడుతుంది. మొత్తం సెట్ ఒకే సిస్టమ్‌దా అని అడగండి.

మంగళగిరి_ఆర్థో:

పైన చెప్పింది చక్కగా ఉంది. నేను ఎముక సంగతి చెబుతాను, ఎస్టిమేట్‌లో లేని వస్తువు అదే కాబట్టి.

స్క్రూలూ రాడ్లూ వెన్నుని జీవితాంతం మోసేవి కావండి. ఎముక అతికేదాకా కదలకుండా పట్టి ఉంచడమే వాటి పని. అతకడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈలోగా అడుగు వేసిన ప్రతిసారీ లోహం కొద్దిగా వంగి లేస్తుంది. ఎముక ముందు అతికితే లోహానికి బరువు తగ్గిపోతుంది. అతకకపోతే ఎంత మంచి లోహమైనా ఏదో ఒక రోజు అలిసి విరుగుతుంది, లేదా ఎముకలో వదులవుతుంది. ఏడాది తరువాత రాడ్ విరిగిందంటే ఎక్కువసార్లు అర్థం అక్కడ ఎముక అతకలేదనే. ఇంపోర్టెడ్‌కి మూడు రెట్లు పెట్టినా ఈ లెక్క మారదు.

మీరు రాసినవాటిలో నాకు ఇబ్బందిగా కనిపించినవి రెండు. మొదటిది డెక్సా. నడుము అరిగిన మనిషిలో ఫాసెట్ల దగ్గర, పూసల అంచుల్లో పెరిగిన ఎముక కూడా లెక్కలోకి వచ్చి టీ-స్కోరు ఉన్నదానికంటే మెరుగ్గా చూపిస్తుంది. 61 ఏళ్ల ఆడమనిషికి లిస్థెసిస్ ఉండగా నడుము మైనస్ 1.4 చూసి నమ్మకూడదు. తుంటి టీ-స్కోరు అదే రిపోర్టులో ఉంటుంది, అది చూడండి. లేదా ఆపరేషన్ కోసం ఎలాగూ సీటీ తీస్తారు కాబట్టి ఎల్1 పూస మధ్యలో హౌన్స్‌ఫీల్డ్ సంఖ్య (సీటీలో ఎముక సాంద్రత కొలత) ఎంతో రేడియాలజిస్టుని అడగండి, దానికి వేరే స్కాన్ అక్కర్లేదు. 110 కంటే తక్కువుంటే ఎముక బాగా గుల్లబారిందని గట్టిగా అనుమానించాలి. 160 దాటితే నిశ్చింత.

గుల్లబారిందని తేలితే ప్లాన్ మారుతుంది. మందమైన స్క్రూ వాడొచ్చు, ట్యాప్ మానేయొచ్చు. పక్కన చిల్లులున్న స్క్రూల గుండా ఒక్కోదానికి ఒకటిన్నర నుంచి రెండు మి.లీ. బోన్ సిమెంట్ ఎక్కించొచ్చు. సిమెంట్ వల్ల పట్టు బాగా పెరుగుతుంది. కానీ పల్చగా ఉన్నప్పుడు ఎక్కిస్తే సిరల్లోకి జారి ఊపిరితిత్తులకు వెళ్లొచ్చు, గడ్డకట్టాక ఆ స్క్రూ తియ్యడం మహా కష్టం. అందుకే అవసరం లేనిచోట పెట్టరు. ఎముక పెంచే మందు టెరిపారటైడ్ రోజుకు 20 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ ఆపరేషన్‌కి రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టి తరువాత కూడా కొనసాగిస్తారు. విటమిన్ డీ రక్తంలో మి.లీ.కి 30 నానోగ్రాములు దాటేలా చూసుకోవాలి. పరీక్ష చేయించే ఉంటారు, లేకపోతే చేయించండి.

రెండోది హెచ్‌బీఏ1సీ 8.2. కాళ్లలో బలం తగ్గడం, మూత్రం పట్టు తప్పడం లాంటివి లేకపోతే ఇది అత్యవసర ఆపరేషన్ కాదు. రెండు మూడు నెలల్లో 7.5 లోపుకి తెచ్చుకుని వెళ్లడం మేలు. లోహం ఉన్నచోట సూక్ష్మజీవి చేరితే దాని మీద పొరలా అంటుకుంటుంది, మందు ఆ పొర లోపలికి దిగదు. షుగర్ ఎక్కువున్నవాళ్లలో ఈ బెడద ఎక్కువ. కోతకి ముందు గంటలోపు సెఫజోలిన్ (యాంటీబయాటిక్) 2 గ్రాములు పడిందా లేదా అన్నది కూడా కేజ్ బ్రాండ్ కంటే ముఖ్యమైన సంగతి.

పొగాకు కూడా. అమ్మగారికి అలవాటు లేకపోవచ్చు, కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. సిగరెట్టే కాదు, చుట్ట, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ అన్నీ నికోటినే. ఎముక అతకడానికి కావాల్సిన కొత్త రక్తనాళాల్ని అది అడ్డుకుంటుంది. కనీసం నాలుగు వారాల ముందు మానాలి, అతికేదాకా ముట్టకూడదు.

ఇప్పుడు కేజ్. పీక్ అనేది గట్టి ప్లాస్టిక్. దాని బిరుసు 3–4 గిగాపాస్కల్, గట్టి ఎముకది 12 నుంచి 18, టైటానియం మిశ్రమానిది 110 దాకా. పీక్ ఎముక కంటే మెత్తన కాబట్టి దిగబడే భయం తక్కువని చెప్పుకుంటారు, ఎక్స్‌రేలో కనిపించదు కాబట్టి లోపల ఎముక అతికిందా అన్నది చూడటం సులువు. అందుకే గుర్తుకోసం అందులో చిన్న టాంటలమ్ పుల్లలు పెడతారు. లోటు ఏమిటంటే ఎముక పీక్‌కి అంటుకోదు, మధ్యలో పీచు పొర కడుతుంది. త్రీడీ ప్రింటెడ్ టైటానియం జల్లెడలా ఉంటుంది, ఎముక రంధ్రాల్లోకి పెరుగుతుంది, జల్లెడ కాబట్టి గడ్డ లోహమంత బిరుసూ ఉండదు. ఎక్స్‌రేలో మాత్రం లోపలిది మసకగా కనిపిస్తుంది. నొప్పి తగ్గడం, నడక విషయంలో ఈ రెండింటికీ పేషెంట్‌కి తెలిసేంత తేడా ఉంటుందని నేను చెప్పను. కేజ్ ఎంత వెడల్పుది, పూస అంచున ఉన్న గట్టి వలయం మీద కూర్చుందా, డిస్క్ ముందు భాగానికి చేరిందా అన్నవి పదార్థం కంటే ఎక్కువ పనిచేస్తాయి. ఎముక మెత్తగా ఉంటే వెడల్పాటి అరటిపండు ఆకారం కేజ్ నయం, సన్న బుల్లెట్ కేజ్ కంటే.

5 సీసీ బోన్ సబ్‌స్టిట్యూట్ గురించి. అది సాధారణంగా కాల్షియం ఫాస్ఫేట్ గుళికలు. ఎముక పెరగడానికి పందిరి లాంటిది, విత్తనం కాదు. విత్తనం మీ అమ్మగారి ఎముకే. తీసేసిన ఫాసెట్, లామినా (పూస వెనక పలక) ముక్కల్ని కండ అంతా వదిలించి, శనగగింజ కంటే చిన్నగా తరిగి నింపుతారు. ఒక్క లెవెల్‌కి మామూలుగా అదే సరిపోతుంది. తక్కువైతే గుళికలు కలుపుతారు, అప్పుడు 5 సీసీ చాలు. తీసిన ఎముక పారేసి గుళికలే నింపే పద్ధతి ఎక్కడైనా ఉంటే అది సరికాదు. ఎముక పెరగడానికి వాడే బీఎంపీ-2 అనే ప్రొటీన్‌కి అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది, అది ముందు నుంచి చేసే ఫ్యూజన్‌కి. టీ-లిఫ్‌లో వాడితే నరం వాచి కాలు లాగడం, ఉండకూడని చోట ఎముక పెరగడం చూశారు. ఈ కేసుకి అవసరం లేదు.

చివరిగా, అడగలేదు గానీ చెప్పాలి. ఫ్యూజన్ అవసరమేనా అన్నది తేలిందా? గ్రేడ్ 1 లిస్థెసిస్‌లో నరం మీది ఒత్తిడి తీయడం ఒక్కటే చాలా అన్నదానిపై స్వీడన్, అమెరికా నుంచి 2016లో వచ్చిన రెండు పరిశీలనలు రెండు రకాలుగా తేల్చాయి. 2021లో నార్వే నుంచి వచ్చింది ఒత్తిడి తీయడమొక్కటే చాలామందిలో తీసిపోదని చూపింది. నిలబడి ముందుకీ వెనక్కీ వంగి తీసిన ఎక్స్‌రేలో పూస జరుగుతోందా, నడుము నొప్పి ఎక్కువా కాలు నొప్పి ఎక్కువా అన్నదాన్ని బట్టి డాక్టరు గారు నిర్ణయిస్తారు. ఆ ఎక్స్‌రే ఇంకా తీయకపోతే తీయమనండి.

బ్రాడీపేట_4/14:

చాలా కృతజ్ఞతలండి. ఫైలు తీసి చూశాను, తుంటి టీ-స్కోరు మైనస్ 2.3 ఉంది. వంగి తీసిన ఎక్స్‌రేలు ఉన్నాయి, ఎల్4 అయిదు మి.మీ. జరుగుతోందని రాశారు, నడుము నొప్పి కూడా బాగా ఉంది, అందుకే ఫ్యూజన్ అన్నారట. క్రాస్ లింక్, ధర సంగతి ఎవరైనా చెప్పగలరా?

కొత్తపేట_సీఆర్మ్:

క్రాస్ లింక్ రెండు రాడ్లని అడ్డంగా కలిపే పట్టీ. మెలితిరిగే కదలికని తగ్గిస్తుంది. పొడుగు ఫిక్సేషన్‌లో, విరిగిన పూసలకి, గూని సరిచేసినప్పుడు దానికి పని ఉంది. ఒక్క లెవెల్‌లో ముందు కేజ్, వెనక నాలుగు స్క్రూలు ఉండగా అది చేసేది చాలా తక్కువ. పైగా కండ కింద ఎత్తుగా ఉండి సన్నగా ఉన్నవాళ్లకి పడుకుంటే తగులుతుంది. ఏ కారణంతో రాశారో అడగండి, ప్రత్యేక కారణం చెప్పకపోతే తీసేయమనొచ్చు.

తీయించే సంగతి: అతికాక మామూలుగా తియ్యరు. తియ్యడమంటే మళ్లీ ఒక ఆపరేషన్. ఇన్‌ఫెక్షన్ వస్తేనో, వదులై గుచ్చుకుంటేనో, విరిగితేనో, పై లెవెల్‌కి ఫ్యూజన్ పొడిగించాల్సి వస్తేనో తీస్తారు. ఎంఆర్ఐ తీయించుకోవచ్చు, టైటానియం అయస్కాంతానికి అంటుకోదు. స్క్రూల చుట్టూ బొమ్మ చెదురుతుంది, 3 టెస్లా కంటే 1.5 టెస్లా మెషీన్‌లో చెదురు తక్కువ. లోహం ఉందని ముందే చెబితే దాన్ని తగ్గించే సీక్వెన్స్‌లు వాడతారు. అతికిందా అన్నది చూడాలంటే మాత్రం సీటీయే సరైనది.

ఎక్స్‌రేలో వెతకాల్సింది స్క్రూ చుట్టూ నల్లటి గీత. ఒక మి.మీ. దాటి ఉండి, పాత ఎక్స్‌రేతో పోలిస్తే పెరుగుతూ ఉంటే స్క్రూ వదులవుతోందని. కేజ్ పైన, కింద పూసల మధ్య ఎత్తు తగ్గుతూ వస్తే దిగబడుతోందని. రెండు మి.మీ. లోపు దిగితే చాలాసార్లు అక్కడే ఆగి అతుకుతుంది.

ట్రే_నంబర్_7 (గవర్నర్‌పేట):

ధర సంగతి నేను చెబుతాను. మోకాలి ఇంప్లాంట్లకి 2017 ఆగస్టులో గరిష్ఠ ధరలు పెట్టారు, వెన్ను స్క్రూలకి అలాంటి పరిమితి లేదు. ఉన్నదల్లా ఒక్కటే: ఎంఆర్‌పీని 12 నెలల్లో పది శాతం మించి పెంచకూడదు. అందుకే ఒకే రకం స్క్రూకి ధరలు ఇంత తేడాగా ఉంటాయి. ఎంఆర్‌పీకీ ఆస్పత్రి కొన్న ధరకీ మధ్య దూరం చాలా ఉండొచ్చు, తగ్గించమని అడగడంలో తప్పులేదు.

ఇండియన్ అయినా ఇంపోర్టెడ్ అయినా చూడాల్సింది ఒకటే. లోహం టీఐ-6ఏఎల్-4వీ ఈఎల్ఐ రకమా, అంటే ఏఎస్‌టీఎం ఎఫ్136 లేదా ఐఎస్ఓ 5832-3 ప్రమాణం ప్రకారమా. తయారీ సంస్థకు ఐఎస్ఓ 13485 నాణ్యతా ధ్రువపత్రం ఉందా. స్క్రూ, రాడ్ కలిపిన సెట్‌ని ఏఎస్‌టీఎం ఎఫ్1717 పద్ధతిలో పరీక్షించారా, ఇందులో 50 లక్షల సార్లు బరువు వేసి తీస్తారు. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం వెన్ను స్క్రూలు సాధారణంగా సీ తరగతి (రిస్కుని బట్టి పెట్టిన ఏ నుంచి డీ వరకు తరగతుల్లో మూడోది). ఇక్కడ తయారైతే ఎండీ-9 లైసెన్స్, బయటి నుంచి వస్తే ఎండీ-15 దిగుమతి లైసెన్స్ ఉండాలి. ఆ నంబరు లేబుల్ మీదే ఉంటుంది. ఇవన్నీ ఉన్న ఇండియన్ సెట్ ఒక్క లెవెల్ టీ-లిఫ్‌కి చాలు. ఇంపోర్టెడ్‌లో మీరు అదనంగా కొనేది ముఖ్యంగా పనిముట్ల నాణ్యత, స్క్రూ తలా సెట్ స్క్రూ మర నునుపు, స్టెరైల్ ప్యాకింగ్. మీ సర్జన్ గారు రోజూ వాడే సిస్టమ్ ఏదో అడగండి. ఆ చేతికి అలవాటైన ఇండియన్ సెట్, ఆ రోజే మొదటిసారి తెరిచిన ఇంపోర్టెడ్ సెట్ కంటే మేలని నా అభిప్రాయం.

ట్రేలో వచ్చే స్క్రూలు స్టెరైల్ ప్యాక్‌లో ఉండవు, ఆస్పత్రి ఆటోక్లేవ్‌లోనే (ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) వేస్తారు. చివరి నిమిషంలో ట్రే వస్తే ఆ పని హడావుడిగా జరిగే ప్రమాదం ఉంది. సెట్ ఒక రోజు ముందే ఆస్పత్రికి చేరిందా, శుద్ధి అయిందని చూపే ఇండికేటర్ రంగు మారిందా అన్నది అడగదగ్గ ప్రశ్నే. స్టెరైల్ ప్యాక్‌కి స్టిక్కర్ ఉంటుంది, ట్రే స్క్రూకి దాని తల మీదే లాట్ నంబర్ చెక్కి ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీలో కంపెనీ పేరు, సిస్టమ్ పేరు, కొలతలు, లాట్ నంబర్లు రాయించుకోండి. పదేళ్ల తరువాత ఈ స్క్రూ తీయాల్సి వస్తే ఏ స్క్రూడ్రైవర్ పడుతుందో ఆ ఒక్క లైనే చెబుతుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కీ ఇదే కావాలి. రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేయిస్తే ఇంప్లాంట్ ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది, విడిగా కట్టమంటే ఆస్పత్రిలోని వైద్యమిత్ర దగ్గర అడగండి. ఇంప్లాంట్ విరిగినా, లోపం ఉందనిపించినా మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల లోపాల్ని నమోదు చేసే) కార్యక్రమానికి పేషెంట్ తరఫువాళ్లు కూడా ఫిర్యాదు పంపొచ్చు, 2015 నుంచి నడుస్తోంది.

పటమట_ఫిజియో:

లోహం పాడయ్యేది ఎక్కువగా ఇంటి దగ్గరండి. మొదటి ఆరు వారాలు నడుము వంచడం, మెలితిప్పడం, మూడు నాలుగు కిలోలు దాటి ఎత్తడం వద్దు. నిండు బిందె పది కిలోలు దాటుతుంది, పీట మీద కూర్చుని కూరలు తరిగితే నడుము ఒంపు పూర్తిగా తిరగబడుతుంది, గ్రైండర్ రాయి ఎత్తడం మరీ ప్రమాదం. వంటగట్టు ఎత్తులో పని పెట్టండి, వెస్ట్రన్ కమోడ్ ఏర్పాటు ముందే చేసుకోండి. మంచం మీద నుంచి లేచేటప్పుడు భుజమూ తుంటీ కలిపి దుంగలా పక్కకి దొర్లి, కాళ్లు కిందికి వేసి, చేత్తో నెట్టుకుని లేవాలి.

ఇలా చెబితే కొందరు పూర్తిగా మంచం పట్టేస్తారు, అదీ తప్పే. ఆపరేషన్ మర్నాడే నిలబెట్టి నడిపిస్తారు. రోజుకు నాలుగైదు సార్లు పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. నడకే రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది, ఎముకకి కావాల్సిన కొద్దిపాటి ఒత్తిడీ ఇస్తుంది. కూర్చోవడం ఒక్కసారికి అరగంట మించొద్దు. గుంటూరు నుంచి విజయవాడ చెకప్‌కి వచ్చేటప్పుడు సీటు వెనక్కి వాల్చి, మంగళగిరి దగ్గర ఒకసారి దిగి నడవండి. ఆటో వద్దు.

జ్వరం, కుట్ల దగ్గర తడి, రోజురోజుకీ పెరిగే నడుము నొప్పి ఉంటే మూడు రోజులు ఆగి చూద్దాం అనుకోవద్దు. మొదటి వారాల్లో ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటే శుభ్రం చేసి స్క్రూలు ఉంచగలుగుతారు. మూత్రం రాకపోవడం, కూర్చునే చోట తిమ్మిరి వస్తే అర్ధరాత్రయినా బయలుదేరాలి. నొప్పి మాత్రలు డాక్టరు రాసినంత వరకే. మందులషాపులో అడిగి డైక్లోఫెనాక్ నెలల తరబడి వాడితే అతుకు ఆలస్యం అవుతుందన్న అనుమానం ఉంది, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీకీ మంచిది కాదు.

బ్రాడీపేట_4/14:

షుగర్ తగ్గేదాకా ఆగుతాం. సీటీలో ఎల్1 సంఖ్య అడుగుతాను, క్రాస్ లింక్ గురించీ రిడక్షన్ స్క్రూల గురించీ అడుగుతాను, రెండో ధరలో ఉన్న ఇండియన్ సెట్‌కి ఎండీ-9 నంబరు, ఎఫ్1717 రిపోర్టు చూపించమంటాను. ఎల్1 సంఖ్య తక్కువ వస్తే సిమెంట్ నాలుగు స్క్రూలకీ వెయ్యాలా?

మంగళగిరి_ఆర్థో:

వేస్తే సాధారణంగా నాలుగింటికీ వేస్తారు. కానీ తుంటి మైనస్ 2.3 ఆస్టియోపీనియా (ఆస్టియోపోరోసిస్ కంటే ముందు దశ) కిందకే వస్తుంది, ఎల్1 సంఖ్య చూడకుండా ఇప్పుడే సిమెంట్ అనుకోవద్దు. సిమెంట్ వేసే అవకాశం ఉంటే చిల్లులున్న స్క్రూలు ముందే తెప్పించాలి, మామూలు స్క్రూకి ఆ సౌకర్యం ఉండదు. కాబట్టి సీటీ సంఖ్య ఆపరేషన్‌కి కనీసం వారం ముందు డాక్టరు గారి చేతిలో ఉండాలి. ఈ రెండు మూడు నెలల్లో విటమిన్ డీ సరిచేసుకోండి, ఎండోక్రైనాలజిస్టుకి ఒకసారి చూపించి ఎముక మందు మొదలుపెట్టాలా అన్నది తేల్చుకోండి.

కొత్తపేట_సీఆర్మ్:

ఇంకొక్కటి. డిశ్చార్జికి ముందు నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలు రెండు, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, సీడీలో అడిగి తీసుకోండి. ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి తీసేవన్నీ వీటి పక్కన పెట్టి చూస్తేనే స్క్రూ చుట్టూ గీత కొత్తగా వచ్చిందా, కేజ్ దిగిందా అన్నది తేలుతుంది. పడుకోబెట్టి తీసినవి పోలికకి పనికిరావు.